సూది బెజ్జం వెనుక తెల్ల కాగితం

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామమున వందనాలు. నేను ఒక కార్యాలయంలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తున్నాను. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. మా ప్రార్థన కూడికలో ప్రతి వారం ఒక్కొక్కరు ఆ వారం దేవుడు తమకు నేర్పిన పాఠాన్ని సాక్ష్యంగా చెబుతారు. ఒకరికి పోయిన తాళంచెవి దొరికితే తప్పిపోయిన గొర్రె ఉపమానం గుర్తుకు వస్తుంది. ఇంకొకరికి బస్సు తప్పిపోతే దేవుని సమయాన్ని గురించిన బోధ కలుగుతుంది. నా వంతు వచ్చేసరికి నా దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. కిందటి నెల మా చిన్నపాపకు ఐదు రోజులు జ్వరం వచ్చింది. రాత్రంతా తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నానే గాని ఒక్క వాక్యమైనా గుర్తుకు రాలేదు. ఆ మాట కూడికలో చెబితే ఒక సోదరి, "దీని ద్వారా దేవుడు నీకేదో నేర్పిస్తున్నాడు, నీలో ఏ లోపం ఉందో పరీక్షించుకో" అన్నారు. అప్పటినుండి గ్లాసు పగిలినా, కరెంటు పోయినా దేవుడు నాకేమి చెబుతున్నాడోనని భయం పట్టుకుంది. నా విశ్వాసంలో లోపం ఉందా? మామూలు జీవితంలో దేవుని పాఠాలు గ్రహించడం ఎలాగో దయచేసి తెలియజేయండి.

సమాధానం:

ప్రియమైన సోదరికి వందనాలు.

మీరు అడిగిన రెండు ప్రశ్నలలో చివరిదానికే ముందు జవాబు రాయాలని మొదట అనుకున్నాను. కాని మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు, పాప జ్వరం గురించి మీరు విన్న ఆ ఒక్క మాట మనసులోనుండి తొలగిపోనిదే మిగిలిన సలహా ఏదీ మీకు ఉపయోగపడదని అర్థమైంది. భయంతో వణుకుతున్న మనసు పాఠం నేర్చుకోలేదు, ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడుతూ ఉంటుంది. అందువల్ల ముందు జ్వరం సంగతి చూద్దాం.

మీ బిడ్డ జ్వరం మీ పాపానికి శిక్ష అని చెప్పే అధికారం ఆ సోదరికి లేదు, నాకూ లేదు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాడు కనబడగానే శిష్యులు అడిగిన మొదటి ప్రశ్న, వీడు పాపం చేశాడా, వీని కన్నవారు చేశారా అనే. ప్రభువు ఆ రెండింటిలో ఏదీ కాదన్నాడు. లూకా సువార్త 13వ అధ్యాయంలో సిలోయములోని గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి వస్తుంది. వారు యెరూషలేములో ఉన్న మిగిలిన వారందరికంటె ఎక్కువ అపరాధులని తలంచుచున్నారా అని ఆయనే ప్రజలను అడిగి, కారని తానే జవాబు చెప్పాడు. ఆ తరువాత మారుమనస్సు పొందుడని హెచ్చరించిన మాట నిజమే. అయితే ఆ హెచ్చరిక వింటున్న వారందరికీ సమానంగా చెందుతుంది, దానిని తీసుకువెళ్లి చనిపోయిన వారి ఇళ్ల గుమ్మాలకు అంటించడానికి ఆయన ఒప్పుకోలేదు.

సంఘటనను చూసిన వెంటనే దాని అర్థం చెప్పడం ఎంత ప్రమాదకరమో అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయం చూపినంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడదని నాకు అనిపిస్తుంది. ఓడ పగిలి మెలితే ద్వీపానికి చేరిన పౌలు, వర్షానికీ చలికీ తట్టుకోవడానికి మోపెడు పుల్లలు ఏరి నిప్పుల మీద వేశాడు. ఆ వేడికి ఒక సర్పం బయటికి వచ్చి అతని చేతిని పట్టుకుంది. చూసినవారు వెంటనే తీర్పు చెప్పారు: వీడు నరహంతకుడు, సముద్రం నుండి తప్పించుకున్నా న్యాయం వీనిని వదలలేదు. పౌలు ఆ పామును మంటలో జాడించివేశాడు. వాపు వస్తుందేమో, హఠాత్తుగా పడి చస్తాడేమో అని వారు చాలాసేపు కనిపెట్టారు. ఏ హానీ జరగకపోయేసరికి అదే నోటితో, ఇతడొక దేవత అన్నారు. ఒకే సంఘటనకు ఒకే చోట రెండు అర్థాలు చెప్పారు, రెండూ తప్పే. అక్కడ జరిగింది పుల్లల మోపులో ఉన్న పాము వేడికి బయటికి రావడం. పౌలు సర్పం సందేశాన్ని వెదుకుతూ కూర్చోలేదు. దానిని విదిలించుకుని, ఆ ద్వీపంలో ముఖ్యుడైన పొప్లి తండ్రి జ్వరంతోను రక్తభేదితోను పడి ఉన్నాడని తెలిసినప్పుడు అతని దగ్గరికి వెళ్లి ప్రార్థన చేసి స్వస్థపరిచాడు. ఆ ఇంట్లో ఉన్నది జ్వరమే, మీ ఇంట్లో ఉన్నదీ జ్వరమే. రోగి లోపమేమిటని పౌలు అక్కడ అడిగినట్టు లేఖనంలో ఒక్క మాట కూడా లేదు.

మిమ్మల్ని ఆ మాట అన్న సోదరిని నేను కఠినంగా విమర్శించలేను, ఎందుకంటే పరిచర్య మొదటి రోజుల్లో నేనూ అదే తప్పు చేశాను. పని చేసే చోట మంటలు లేచి ఉన్నదంతా కాలిపోయిన ఒక సహోదరుని దగ్గరికి వెళ్లి, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, దేవుడు దీని ద్వారా మీకొక పాఠం నేర్పిస్తున్నాడని చెప్పి వచ్చాను. ఆయన తల వంచుకుని విన్నారు. చాలా నెలల తరువాత ఆయనే నాతో, "అయ్యగారూ, ఆ రోజు మీరు ఏమీ చెప్పకుండా పక్కన కూర్చుని ఉంటే బాగుండేది" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాలో గుచ్చుకునే ఉంది. ఇతరుల కష్టంలో పాఠం చదివి చెప్పడం మన పని కాదని నేను నేర్చుకున్నది ఆ రోజే. అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు మొదటి ఏడు దినాలు ఏమీ మాట్లాడకుండా నేలమీద అతనితో కూడా కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అదొక్కటే.

ఇక మీ లోపం గురించి. ఈ భాగం మీ ఉద్యోగం సహాయంతోనే చెబుతాను, ఎందుకంటే మీకు తెలిసిన పనిలోనే దీనికి జవాబు ఉంది. రోజు చివర రెండు మొత్తాలు సరిపోలకపోతే మీరేమి చేస్తారు? పుస్తకంలో ఉన్న ప్రతి పద్దునూ దొంగ పద్దుగా అనుమానించరు. తేడా ఎంత ఉందో చూస్తారు. ఆ తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే, ఎక్కడో రెండు అంకెలు తారుమారు అయ్యాయేమో, 54 రాయవలసిన చోట 45 రాశామేమో అని వెదుకుతారు. తేడా రెండుతో భాగింపబడితే, అందులో సగమున్న పద్దు ఏదైనా జమ వైపు పడవలసింది ఖర్చు వైపు పడిందేమో చూస్తారు. అంటే తప్పు తన గుర్తును తానే వదిలి వెళుతుంది. వెదికేవారు ఆ గుర్తును పట్టుకుని ఒక పద్దు దగ్గరికి వెళ్లి, దానిని దిద్ది, పుస్తకం మూసి ఇంటికి వెళ్లిపోతారు. తప్పు ఏదో ఒకటి ఉండే ఉంటుందని రాత్రంతా పుస్తకం ముందు ఏడుస్తూ కూర్చునే లెక్కల మనిషిని నేను చూడలేదు.

పరిశుద్ధాత్మ ఒప్పింపజేసే పని కూడా ఈ తీరుగానే ఉంటుందని నేను నమ్ముతున్నాను. "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అని 139వ కీర్తనలో దావీదు వేడుకున్నప్పుడు, పరిశోధించే పనిని తన భయానికి అప్పగించలేదు, దేవునికే అప్పగించాడు. ఆయన చూపించే తప్పుకు పేరు ఉంటుంది. నిన్న సాయంత్రం పెద్దబిడ్డను అనవసరంగా కసురుకున్నావు, తోటి ఉద్యోగిని గురించి అన్న మాట నిజం కాదు, అన్నంత స్పష్టంగా ఉంటుంది. దానిని ఒప్పుకోవచ్చు, సరిదిద్దుకోవచ్చు, క్షమాపణ పొంది లేచి నిలబడవచ్చు. పేరు లేని, ఆకారం లేని, ఎటు తిరిగినా వెంటబడే దిగులు అలాంటిది కాదు, దానిని దేవుని స్వరమని అనుకోకండి. కరెంటు పోతే దీపం వెలిగించండి, గ్లాసు పగిలితే పిల్లల కాళ్లకు గుచ్చుకోకుండా పెంకులు ఏరివేయండి. హోరేబు కొండ మీద ప్రవక్త ఏలీయా ముందు బలమైన గాలి, భూకంపం, మెరుపు దాటిపోయాయి, వాటిలో యెహోవా లేడని 1 రాజులు 19వ అధ్యాయం ఒక్కొక్క దాని తరువాత మళ్లీ మళ్లీ చెబుతుంది. ఆయన మాట వినబడింది ఆ తరువాత, మిక్కిలి నిమ్మళంగా.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. దైనందిన జీవితంలో పాఠం దొరకడమంటే, సంఘటనల లోపల దేవుడు దాచి ఉంచిన రహస్య ఉత్తరాలను మనం విప్పి చదవడమని చాలామంది అనుకుంటారు. మీ కూడికలోని సాక్ష్యాలు విని మీకూ అలాగే తోచి ఉండవచ్చు. అలా అనుకున్నంత కాలం రెండే దారులు ఉంటాయి: ఉత్తరం దొరకనివారు తమకు విశ్వాసం లేదని కుంగిపోతారు, దొరికిందనుకున్నవారు తాము ఊహించిన దానినే దేవుని మాటగా చెప్పడం మొదలుపెడతారు. లేఖనాలలో కనబడే పద్ధతి దీనికి భిన్నమైనది, ఇంతకంటె సాదాసీదాగా ఉంటుంది.

సామెతలు 24వ అధ్యాయం చివర ఒక మనిషి సోమరివాని చేను పక్కగా నడిచి వెళుతున్నాడు. ముండ్ల తుప్పలు బలిశాయి, దూలగొండ్లు కప్పాయి, రాతిగోడ పడిపోయి ఉంది. అతడంటాడు, "నేను దాని చూచి యోచన చేసికొంటిని, దాని కనిపెట్టి బుద్ధి తెచ్చుకొంటిని." ఇక్కడ దర్శనం లేదు, దేవదూత లేడు. ఒక గోడ, కొంత గడ్డి, ఆగి చూసిన ఒక మనిషి మాత్రమే ఉన్నారు. చూడడం, యోచన చేయడం, బుద్ధి తెచ్చుకోవడం అనే వరుసను గమనించండి. ఆ బుద్ధి కూడా తనకే తెచ్చుకున్నాడు, ఆ చేని యజమాని తలుపు తట్టి చెప్పి రావడానికి వెళ్లలేదు.

యిర్మీయా 18వ అధ్యాయంలోనూ ఇదే వరుస. కుమ్మరి ఇంటికి పొమ్ము, అక్కడ నా మాటలు నీకు తెలియజేస్తానని దేవుడు అన్నాడు. ఉన్నచోటనే ఆ మాటలు చెప్పడం దేవునికి కష్టమేమీ కాదు. అయినా ప్రవక్తను ఒక పనివాని దగ్గరికి నడిపించాడు. యిర్మీయా వెళ్లి సారె తిరగడం చూశాడు, కుండ కుమ్మరి చేతిలో విడిపోవడం చూశాడు, అదే జిగటమన్నుతో మరియొక కుండ లేవడం చూశాడు. "అంతట యెహోవా వాక్కు నాకు ప్రత్యక్షమై" అనే మాట ఆ తరువాతి వచనంలో వస్తుంది. ముందు పనిని పనిగా చూడాలి, మన్నును మన్నుగా చూడాలి. మనం చాలాసార్లు కుండ విడిపోకముందే పాఠం చెప్పడం మొదలుపెడతాం, అందుకే మన పాఠాలు పలచగా ఉంటాయి.

మన ప్రభువు ఉపమానాలు అంత బరువుగా ఉండడానికి కారణం కూడా ఇదేననిపిస్తుంది. పరిచర్య మొదలుపెట్టినప్పుడు ఆయనకు రమారమి 30 ఏళ్లని లూకా రాశాడు, ఊరివారు ఆయనను వడ్లవాడని పిలిచారని మార్కు రాశాడు. ఆ సంవత్సరాలలో ఆయన చేసిన ప్రసంగం ఒక్కటి కూడా మనకు లేదు. కాని తరువాత ఆయన నోటినుండి వచ్చిన మాటలు చూడండి: పాత బట్టకు మాయని గుడ్డ మాసిక వేస్తే ఆ మాసిక బట్టను చింపుతుందని ఆయనకు తెలుసు. మూడు కుంచముల పిండి పులిసి పొంగడానికి ఎంత పుల్లని పిండి దాచిపెడితే చాలునో తెలుసు. పది నాణెములలో ఒకటి పోతే స్త్రీ దీపం వెలిగించి ఇల్లు ఊడ్చి వెదుకుతుందని తెలుసు. సంతవీధుల్లో పిల్లలు ఆటలో అలిగి ఒకరితో ఒకరు ఏమని పోట్లాడుకుంటారో కూడా తెలుసు. ఇవన్నీ ఇల్లు, వీధి, పొలం దగ్గరనుండి చూసిన కన్నుకు మాత్రమే తెలిసే సంగతులు. ఒక్క పాఠమూ చెప్పకుండా చూస్తూ, పని చేస్తూ గడిపిన ఆ ఏళ్లు ఆయన విషయంలోనే వ్యర్థం కానప్పుడు, సాక్ష్యం చెప్పలేకపోయిన మీ వారాలు వ్యర్థమని ఎవరనగలరు?

అయితే కేవలం చూడడం చాలదు. ఇది చెప్పడానికి మా అమ్మ నేర్పిన ఒక చిన్న పని ఉపయోగపడుతుంది. చూపు మందగించిన తరువాత ఆమె సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలిచేది. నేను సూదిని కిటికీ వైపు పట్టుకుని, కళ్లు చికిలించి, దారం కొసను నోట తడిపి ఎన్నిసార్లు పొడిచినా పక్కకు జారిపోయేది. ఒకనాడు ఆమె నా చేతిలోని సూదిని తీసుకుని దాని వెనుక ఒక తెల్ల కాగితం ముక్క పట్టుకుంది. అంతవరకూ చుట్టూ ఉన్న రంగులలో కలిసిపోయి కనబడని బెజ్జం, నల్లని చట్రం మధ్య చిన్న తెల్లని కిటికీలా తేటగా కనబడింది. కాగితం దారం ఎక్కించలేదు, సూదిని పెద్దది చేయలేదు, బెజ్జాన్ని కొత్తగా పొడవలేదు. ఉన్నదానిని కనబడేలా చేసింది, అంతే. చూపు సరిగా లేని అమ్మకు ఆ ఉపాయం తెలియడం, కళ్లు బాగా ఉన్న నాకు తెలియకపోవడం అప్పుడు వింతగా అనిపించింది.

వాక్యం మన రోజు వెనుక ఉండవలసింది ఆ తెల్ల కాగితంలాగానే. రోజు దానంతట అది మాట్లాడదు. ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవని 19వ కీర్తన మొదట చెప్పినా, అదే కీర్తన సగం దాటేసరికి యెహోవా నియమించిన ధర్మశాస్త్రం వైపు తిరుగుతుంది, ఎందుకంటే సృష్టి ఆయన మహిమను చూపించగలదు గాని నా దోషాలను క్షమించే దేవుని హృదయాన్ని తేటపరచలేదు. మనసులో వాక్యం లేని మనిషికి బస్సు తప్పిపోవడం బస్సు తప్పిపోవడమే. వాక్యం చాలాకాలంగా ఉన్న మనిషికి కూడా చాలాసార్లు అంతే, దానిలో తప్పు లేదు. కాని ఒక్కొక్కప్పుడు, మనం పిలవకుండానే, చేతిలో ఉన్న పని మనం ఎప్పుడో చదివిన మాటకు సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడుతుంది, అప్పుడు బెజ్జం కనబడుతుంది.

మీ ఉత్తరంలోనే ఒక చోట నాకది కనబడింది, చెప్పవచ్చునా? రాత్రంతా తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను గాని ఒక్క వాక్యమైనా గుర్తుకు రాలేదని మీరు రాశారు. గుడ్డ వేడెక్కిన కొద్దీ తీయడం, నీళ్లలో ముంచడం, పిండడం, మళ్లీ నుదుటి మీద పరచడం, బిడ్డ ఊపిరి లెక్కపెట్టడం, కునుకు వచ్చి తల వాలగానే ఉలిక్కిపడి లేచి చేయి వేసి చూడడం. దీని వెనుక 121వ కీర్తనను పట్టుకుని చూడండి: "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు." ఈ మాట నేను వందసార్లు చదివి ఉంటాను, ప్రసంగాలలో చెప్పి ఉంటాను. కాని నిద్రపోకుండా ఉండడమంటే ఏమిటో, అది ఎంత ప్రేమను కోరుతుందో ఆ రాత్రి మీ శరీరానికి తెలిసింది. మీరు కునికారు, ఆయన కునకడు. యిర్మీయాకు దేవుడు బాదముచెట్టు చువ్వను చూపి, నేను చెప్పిన మాటలను నెరవేర్చడానికి ఆతురపడుతున్నానన్నాడు. హెబ్రీ భాషలో బాదముకు షాకేద్ అనీ, మెలకువగా కనిపెట్టి ఉండడానికి షోకేద్ అనీ అంటారు, రెండు మాటలూ ఒకే వేరు నుండి వచ్చినవి. చలికాలం చివర మిగిలిన చెట్లకంటె ముందుగా మేలుకుని పూసే చెట్టు అది. దేవుడు తనను గురించి చెప్పుకోవడానికి ఎంచుకున్న గుణాలలో మెలకువ ఒకటి. "ఒకని తల్లి వానిని ఆదరించునట్లు నేను మిమ్మును ఆదరించెదను" అని యెషయా 66వ అధ్యాయంలో ఆయనే అన్నాడు. ఆ రాత్రి మీకు పాఠం గుర్తుకు రాలేదని మీరు బాధపడుతున్నారు. బిడ్డ ఒళ్లు కాలిపోతున్నప్పుడు తల్లి చేయవలసిన పని పాఠాలు వెదకడం కాదు, మీరు చేసినదే. పాఠం ఉంటే అది తరువాత రావచ్చు, నెల తరువాత ఎవరో అపరిచితుని జవాబులో కూడా రావచ్చు. నేను చెప్పినదే ఆ రాత్రి అర్థమని కూడా నేననను. అది మీ మనసుకు పట్టకపోతే పక్కన పెట్టేయండి.

మీకు ఒక మనిషి జీవితం గురించి చెప్పాలి. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశంలో నికొలా హెర్మాన్ అనే సైనికుడు ఉండేవాడు. 18 ఏళ్ల వయసులో ఒక చలికాలపు రోజున ఆకులన్నీ రాలిపోయిన చెట్టును చూసి, కొన్నాళ్లకు దీనికి ఆకులు వస్తాయి, తరువాత పువ్వులు, కాయలు వస్తాయి కదా అని తలంచుకున్నప్పుడు దేవుని సంరక్షణను, శక్తిని గురించి అతనికి ఒక గాఢమైన దృష్టి కలిగింది. తరువాత పారిసు నగరంలోని కార్మెల్ మఠంలో చేరి లారెన్సు సహోదరుడయ్యాడు. ఈ చెట్టు కథను చాలామంది ప్రసంగాలలో చెబుతారు, తరువాతి భాగాన్ని తక్కువమంది చెబుతారు. మఠంలో అతనికి అప్పగించింది వంటగది. ఆ పని అంటే అతనికి సహజంగానే గిట్టేది కాదు. అయినా సుమారు 15 ఏళ్లు ఆ పనిలోనే గడిపి, చేసే ప్రతి చిన్న పనినీ దేవుని ప్రేమ కోసం చేయడానికి అలవాటు పడ్డాడు. మనసు పక్కకు పోతే బెంబేలు పడకుండా తిరిగి తెచ్చుకునేవాడు. ఒక్క చెట్టు, ఆ తరువాత 15 ఏళ్ల వంటపాత్రలు. ఆ ఏళ్లలో వారానికొక పాఠం దొరికిందని ఆయన చెప్పుకోలేదు. ఆయనకు దొరికింది పాఠాల పట్టిక కంటె విలువైనది, పని మధ్యలో దేవుని సన్నిధి. ఆయన కంటె ఎంతో ముందు, ఆరవ శతాబ్దంలో బెనెడిక్టు తన మఠ నియమావళి 31వ అధ్యాయంలో, మఠం సామాను చూసుకునే వ్యక్తి అక్కడి పాత్రలన్నిటినీ బలిపీఠపు పవిత్ర పాత్రలుగా ఎంచాలని రాశాడు. పాత్రలోనుండి పాఠం తీయమని ఆయన చెప్పలేదు, పాత్రను జాగ్రత్తగా చూడమన్నాడు. మనలో చాలామందికి ఇదే సరిపోయే దారి అని నా అభిప్రాయం.

ఆచరణ విషయంలో నేను రెండు సంగతులు మాత్రమే చెబుతాను, ఎక్కువ చెబితే ఇద్దరు పిల్లల తల్లికి అదొక అదనపు భారమవుతుంది. మొదటిది, ఉదయం ఒక చిన్న వాక్యభాగాన్ని, రెండు మూడు వచనాలు చాలు, నిదానంగా చదివి, పనికి వెళ్లేటప్పుడు దానినుండి ఏమైనా వెదకాలనే పట్టుదల లేకుండా ఊరికే మనసులో ఉంచుకోండి. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం ఇంట కూర్చుండునప్పుడు, త్రోవను నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు అని చెప్పిన చోటులన్నీ మామూలు చోటులే. రెండవది, రాత్రి పడుకునే ముందు రోజును ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. జెస్యూట్ సంఘాన్ని స్థాపించిన లొయోలా ఇగ్నేషియస్ 16వ శతాబ్దంలో నేర్పిన పద్ధతి ఇందుకు ఎంతో బాగుంటుంది. ముందుగా కృతజ్ఞత చెప్పడం, చూడడానికి వెలుగు ఇమ్మని అడగడం, గంట గంటగా రోజును తలచుకోవడం, తప్పు కనబడితే క్షమాపణ అడగడం, రేపటికి కృప వేడుకోవడం. కృతజ్ఞత ముందు వచ్చి, లోపాల లెక్క తరువాత రావడం ఇందులో నాకు ఎంతో నచ్చిన విషయం. మీ ప్రస్తుత పరిస్థితిలో మీరు కొన్ని వారాలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయినా ఫరవాలేదు. కళ్లు మూతలు పడి మధ్యలో నిద్రపోతే, మార్కు 4వ అధ్యాయంలో విత్తనం చల్లిన మనిషి నిద్రపోతూ మేల్కొంటూ ఉండగా అతనికి తెలియని రీతిగానే అది మొలిచి పెరిగిందని గుర్తుంచుకోండి.

దొరికిన ప్రతిదానినీ వెంటనే సాక్ష్యంగా చెప్పనవసరం లేదు. లూకా 2వ అధ్యాయంలో యేసు పుట్టినప్పుడు గొల్లలు తాము చూసినదానిని అందరికీ ప్రచురం చేశారు, ఆయన తల్లి మరియ ఆ మాటలన్నిటినీ హృదయంలో తలపోసుకుంటూ భద్రం చేసుకుంది. గొల్లలూ చేసింది సరైనదే, మరియ చేసిందీ సరైనదే. అదే అధ్యాయం చివర, 12 ఏళ్ల యేసు దేవాలయంలో దొరికిన తరువాత చెప్పిన మాటను తల్లిదండ్రులు గ్రహించలేదని స్పష్టంగా రాసి ఉంది. గ్రహించని ఆ సంగతులను కూడా ఆమె భద్రం చేసుకుంది. పాదాలు కడుగుతున్నప్పుడు ప్రభువు పేతురుతో, "నేను చేయుచున్నది ఇప్పుడు నీకు తెలియదుగాని యికమీదట తెలిసికొందువు" అన్నాడు. తెలియకుండానే పాదాలు ముందుకు చాచి కూర్చోవడం కూడా శిష్యుడు చేయవలసిన పనే.

మీ విశ్వాసంలో లోపం ఉందా అని అడిగారు. వాక్యం గుర్తుకు రాకపోయినా రాత్రంతా బిడ్డ పక్కన ఉన్నారు, వంతు వచ్చినప్పుడు లేనిది కల్పించి చెప్పలేదు, ఇప్పుడు ధైర్యం చేసి ఈ ఉత్తరం రాశారు. ఇందులో నాకు నమ్మకత్వం కనబడుతున్నది.

వచ్చే వారం మీ వంతు వచ్చినప్పుడు, "ఈ వారం నా దగ్గర పాఠమేమీ లేదు, పాపకు జ్వరం తగ్గింది, దేవునికి స్తోత్రం" అని చెప్పి కూర్చోండి. ఆ మాట విని, తమ దగ్గరా ఏమీ లేక దిగులుపడుతున్న మరొకరు ఆ గదిలో ఊపిరి పీల్చుకుంటారు. మిమ్మల్ని బాధపెట్టిన ఆ సోదరితో ఒంటరిగా ఉన్నప్పుడు, ఆ మాట మీకు ఎంత నొప్పి కలిగించిందో మృదువుగా చెప్పండి. నాకు చెప్పిన సహోదరునికి నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. చిన్నపాప పేరు మీరు రాయలేదు గాని, ఈ రాత్రి నా ప్రార్థనలో ఆమెను, నిద్ర లేని ఆమె తల్లిని జ్ఞాపకం చేసుకుంటాను.